సెట్‌లో నిలవని ముల్లు: ఒక ఫాల్స్ స్టార్ట్ కేసు

అమ్మాయిది ఉద్దానం వైపు ఊరు. వయసు 17, ఇంటర్ మొదటి సంవత్సరం, 100 మీటర్లు, 200 మీటర్లు పరిగెడుతుంది. తల్లి పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, తండ్రి తాపీ పనికి చెన్నై వలస. పేరు, ఊరు రాయడం లేదు. మిగతాది రాయడానికి తల్లీ కూతుళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

శ్రీకాకుళంలో నా దగ్గరికి పంపిన పీఈటీ మాస్టారు ఒక్క ముక్కలో కేసు తేల్చేశారు: "స్టార్ట్ భయం." రాష్ట్ర స్థాయి జూనియర్ మీట్‌లో హీట్స్‌లోనే ఫాల్స్ స్టార్ట్ (సంకేతానికి ముందే లేవడం) అయి బయటికొచ్చేసింది. అప్పటి నుంచి ఏ రేసులోనూ అందరితో పాటు బ్లాక్ (పాదాలు ఆనించి లేచే దిమ్మ) వదలడం లేదు, మిగతావాళ్లు రెండడుగులు వేశాక లేస్తోంది. అంతకుముందు 13 సెకన్లకు కాస్త లోపలే వచ్చే పిల్ల ఇప్పుడు 13 దాటి ఎక్కడో తేలుతోంది. ఇవన్నీ చేతి వాచీ టైములే కాబట్టి పదో వంతు అటూ ఇటూ అనుకోండి.

తల్లి కూడా అదే మాట. "రేత్తిరి నిద్దట్లోంచి లెగిసి కూకుంటాది బాబూ. ఈ పరుగులొద్దని మీరైనా సెప్పండి. సదువుకుంటాది." ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఒక్క కదలికతో సంవత్సరం పొడుగునా పడ్డ కష్టం పోవడం ఏ ఇంటికైనా అర్థం కాదు.

ఈ నిబంధన ఎప్పుడూ ఇంత కఠినంగా లేదు. 2002 వరకు ఒక్కొక్క రన్నర్‌కు ఒక తప్పు మాఫీ ఉండేది. 2003 నుంచి 2009 దాకా రేసు మొత్తానికి ఒకటే మాఫీ, ఆ తరువాత ఎవరు కదిలితే వారు బయటికి. 2010 నుంచి మొదటి తప్పుకే ఎరుపు, నలుపు కార్డు, అంటే రేసు నుంచి ఔట్. 2011 డేగు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్ల ఫైనల్లో ఇలా ఔటైన సంగతి అందరికీ గుర్తుంటుంది. అదే మీట్‌లో మహిళల 400 మీటర్ల హీట్స్‌లో బ్రిటన్ రన్నర్ క్రిస్టీన్ ఒహురువోగు కూడా ఇలాగే ఔటైందని చెప్తే మన పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆమె అప్పటికే ఒలింపిక్ చాంపియన్. పైగా 400 మీటర్ల రేసులో ముందే కదిలితే కలిసొచ్చేది ఏముంది? అంటే ఫాల్స్ స్టార్టులన్నీ ఆశ వల్ల జరగవు. ఈ కేసులో నేను పట్టుకున్న కొస అదే.

ముందు ఫోను, తరువాత ముల్లు

అంతర్జాతీయ మీట్లలో బ్లాకుల్లో సెన్సర్లు ఉంటాయి. తుపాకీ చప్పుడు తరువాత 0.100 సెకను లోపే పాదం ఒత్తిడి మారితే స్టార్టర్ (రేసు మొదలుపెట్టే అధికారి) చెవిలో బీప్ మోగుతుంది. మనిషి విని కదలడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుందన్న లెక్క అది. 2022లో యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికా హర్డిల్స్ రన్నర్ డెవాన్ అలెన్ 0.099తో ఔటైనప్పుడు ఆ గీత మీద పెద్ద గొడవే జరిగింది. మన దగ్గర సెన్సర్ బ్లాకులు ఎక్కడివి? సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను చాలు. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ, 24 ఫ్రేములైతే పదో వంతు సెకను. క్లాపర్ బ్లాకుల పక్కనే కొట్టాలి, రెండు చెక్కలు తగిలే క్షణం వీడియోలో కనిపించాలి. అక్కడి నుంచి చెయ్యి నేల వదిలేదాకా ఫ్రేములు లెక్కపెట్టుకోవడమే. సెన్సర్ పట్టేది పాదం ఒత్తిడిని, మనం చూసేది చేతిని. కాబట్టి ఈ అంకెలను టీవీలో కనిపించే రియాక్షన్ టైములతో పోల్చకూడదు, వాటిలో వాటినే పోల్చుకోవాలి.

మొదటి ఉదయం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఆమెకు అలవాటైన పద్ధతిలోనే పరిగెత్తించాను. వాళ్ల స్కూల్లో విజిల్‌తో నేర్పారు. "ఆన్ యువర్ మార్క్స్, సెట్" అన్నాక ప్రతిసారీ ఒకే విరామం, ఆ వెంటనే విజిల్. ఆ తాళంలోనే క్లాపర్ కొడితే భయం జాడే లేదు. పిల్ల బాణంలా వెళ్లింది. ఫ్రేములు లెక్కపెడితే కొన్నిసార్లు 24 కూడా రాలేదు! అంటే వినడం లేదు, తాళం పట్టుకుని ఊహించి వెళ్తోంది. విరామం మార్చి మార్చి కొట్టాక ఒక్కసారిగా 60 ఫ్రేములు దాటింది. ఒకే మనిషి, ఒకే ఉదయం.

మీట్‌లో ఏం జరిగిందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. స్టార్టర్ "సెట్" అన్నాక ఎవరో కుదురుకోలేదని మరికాస్త ఆగాడు. ఆగడం ఆయన హక్కు, అందరూ కదలకుండా నిలిచేదాకా ఆగాల్సిందే. ఈమె తాళం మాత్రం ఆగలేదు.

సాధారణంగా ఇక్కడితో కేసు మూసేసి "విరామాలు మార్చి ప్రాక్టీస్ చేయించండి" అని చెప్పి పంపేస్తారు. నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. అదే స్కూల్లో, అదే విజిల్‌తో నేర్చుకున్న మిగతా పిల్లలు అదే మీట్‌లో పరిగెత్తారు. వాళ్లెవరూ కదల్లేదు. ఈమె ఒక్కతే ఎందుకు ఆగలేకపోయింది?

జవాబు బరువు చూసే మిషన్ దగ్గర దొరికింది. కొత్త డిజిటల్‌వి వద్దు, ముల్లు తిరిగే పాత మిషన్లు రెండు తెచ్చుకోవాలి. వాటిని గీత దగ్గర పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో చెయ్యి పెట్టించాలి. మిషన్ల ఎత్తు ఎంత ఉంటే అంత ఎత్తు పలకల మీద బ్లాకులు, వెనక మోకాలు రెండూ ఉండాలి, లేకపోతే ఒళ్లు వెనక్కి వాలి లెక్క తప్పుతుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ల్యాబుల్లో ఫోర్స్ ప్లేట్లతో (ఒత్తిడి కొలిచే పలకలతో) చేసే పనికి పేదవాడి రూపం. అమ్మాయి బరువు 47 కిలోలు. పాత అలవాటు ప్రకారం "సెట్" అనగానే రెండు ముళ్లూ కలిపి 28 దగ్గర ఆగాయి. ఆగాయనడం తప్పు, అక్కడి నుంచి మెల్లగా పైకి పాకాయి. 29, 31. రెండో సెకను గడిచేసరికి 33 దాటి, వేళ్లు వణికి, చేతులు లేచిపోయాయి. అప్పటికి క్లాపర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ పిల్ల పరుగు మొదలుపెట్టడం లేదు, ముందుకు పడిపోతోంది. పడకుండా ఉండాలంటే ఎంత తొందరగా వెళ్తే అంత మంచిదని ఒళ్లే నేర్చుకుంది. తాళం పట్టుకోవడం దాని నుంచి పుట్టింది. కార్డు చూపించాక పుట్టిన భయం వరుసలో చివరిది. అందరూ చివరి లింకు పట్టుకుని లాగుతున్నారు.

బ్లాకు ఎవరిది?

కారణం చాలా చిన్నది. ఆమె వాడే బ్లాకు కొలత ఒక సీనియర్ అమ్మాయిది. ఆ సీనియర్ పొడగరి. గీత నుంచి ముందు బ్లాకుకు రెండు పాదాలు, వెనక దానికి మూడు అని మనం పుస్తకాల్లో చెప్పే కొలత ఎవరి పాదంతో వాళ్లు కొలుచుకోవాలి. ఈ స్కూల్లో నేల మీద మేకులతో గుర్తు పెట్టేశారు, అందరూ ఆ గుర్తుల్లోనే బ్లాకు దించుతారు. ఎండాకాలంలో గట్టిపడ్డ ఎర్రమట్టిలో ఒకసారి మేకు దిగితే మళ్లీ పీకి మార్చాలని ఎవరికీ ఉండదు, నిజమే.

పొట్టి పిల్ల ఆ దూరం బ్లాకులో కాళ్లు సాగదీసుకుని కూర్చుంటే ముందు మోకాలు దాదాపు చాచుకుపోయింది. 90 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కోణం బాగా తెరుచుకుంది, వెనక కాలు కర్రలా నిలబడింది. పాదాలు బ్లాకును వెనక్కి నెట్టే వీలు లేదు. భుజాలు గీత దాటి బాగా ముందుకొచ్చాయి. బరువు మోసేవి చేతివేళ్లు మాత్రమే.

రెండు బ్లాకులూ ఆమె పాదాలతోనే కొలిచి గీత వైపు దగ్గరికి జరిపాం. భుజాలు గీతకు కొంచెమే ముందుకు ఉండేలా, "సెట్" అన్నప్పుడు తుంటి లేపడంతో పాటు మడమలతో బ్లాకును వెనక్కి నొక్కేలా నేర్పాను. నొక్కుతోందో లేదో కంటికి తెలియదు, కాబట్టి బ్లాకు ప్యాడ్‌కూ బూటుకూ మధ్య పాత కాగితం పెట్టి లాగి చూశాను. కాగితం ఊడి వస్తే నొక్కడం లేదన్నమాట. మొదట్లో ప్రతిసారీ ఊడింది. ఒక వారానికి చిరగడం మొదలైంది. ముళ్లు 26 దగ్గర నిలబడ్డాయి, మూడు సెకన్లు ఆపినా కొద్దిగా ఊగాయే తప్ప పాకలేదు.

ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వి, "సార్, ఇలాగైతే ఎంతసేపైనా కూకోగలను" అంది.

"పక్కోలు లేసాక లేస్తన్నాను"

ఒళ్లు కుదిరింది కదా, ఇక సరి అనుకోవడానికి లేదు. ఒంటరిగా బాగా వెళ్లేది. పక్కన మనుషులను నిలబెడితే మళ్లీ ఆలస్యం. ఎందుకమ్మా అంటే దాచకుండా చెప్పింది. "పక్కోలు లేసాక లేస్తన్నాను సార్. అప్పుడు తప్పు నాది అవదు కదేటి."

ఎంత తెలివైన మాటో చూడండి. కార్డు పడకుండా ఉండే మార్గం తనకు తానే వెతుక్కుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ మార్గం నిబంధనల్లో లేదు. ఒకరు ముందే కదిలితే వాళ్లను చూసి కదిలినవాళ్లు కూడా ఖచ్చితంగా చెప్పాలంటే ఫాల్స్ స్టార్ట్ చేసినట్టే. కారకులెవరో వారికే శిక్ష వేయమని స్టార్టర్‌కు విచక్షణ ఇచ్చారు, అంతే. ఆ విచక్షణ మీద రేసు మొత్తం ఎలా వేలాడుతుందో చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణే ఉంది.

2023 అక్టోబర్ 1న హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి అందులో ఉంది. చైనా రన్నర్ వు యన్ని చప్పుడుకు ముందే లేచింది, ఆమెను చూసి జ్యోతి కదిలింది. అధికారులు ఇద్దరికీ కార్డు చూపించారు. జ్యోతి అక్కడే నిలబడి వాదించింది, రీప్లే చూశారు, చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. లిన్ యువెయ్ 12.74తో గెలిచింది, వు రెండో స్థానం, జ్యోతి 12.91తో మూడోది. తరువాత వును అనర్హురాలిగా ప్రకటించి జ్యోతికి రజతం ఇచ్చారు, కాంస్యం జపాన్‌కు చెందిన తనాకా యుమికి వెళ్లింది.

ఆ వీడియో అమ్మాయికి చాలాసార్లు చూపించాను. రజతం గురించి మాట్లాడటానికి కాదు, కదిలిన క్షణం కోసం. పక్కవాళ్లను చూసి లేస్తే ఏమవుతుందో అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఏషియన్ గేమ్స్ ఫైనల్ కాబట్టి కెమెరాలున్నాయి, సెన్సర్లున్నాయి, వాదించడానికి వీలుంది. జిల్లా మీట్‌లో స్టార్టర్ కన్ను తప్ప సాక్ష్యం ఉండదు. పక్కవాళ్ల వెనక దాక్కోవడం రక్షణ కాదని ఆమెకు అర్థమైంది అక్కడే. అప్పీలు హక్కు, నిబంధనలో కదలికకూ స్టార్ట్‌కూ ఉన్న తేడా కూడా చెప్పాను. పాదం బ్లాకును, చెయ్యి నేలను వదలనంతవరకు ఒళ్లు కొంచెం కదిలినా అది ఫాల్స్ స్టార్ట్ కింద రాదు, మహా అయితే హెచ్చరిక కార్డు. ఈ ఒక్క వాక్యం విన్నాక ఆమె భుజాలు దిగడం నేను చూశాను. కొంచెం వణికినా ఔటే అని ఇన్నాళ్లూ అనుకుంటోంది పాపం.

ఆ తరువాత డ్రిల్లుకు మనుషులు కావాలి. మైదానంలో తెల్లవారుజామునే కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో ఇద్దరిని ఆమెకు అటూ ఇటూ బ్లాకుల్లో కూర్చోబెట్టి, నేను సైగ చేసినప్పుడు క్లాపర్‌కు ముందే లేచిపోమన్నాను. ఆమె పని కదలకుండా ఉండటం, ఆ తరువాత వచ్చే అసలు చప్పుడుకే వెళ్లడం. మొదటి రోజు ప్రతి ఎరకూ తగులుకుంది. కుర్రాళ్లకు ఇది మహా సరదా, "చెల్లీ, ఈసారి నిజంగా కొడతారు చూడు" అని ఆట పట్టించేవారు. ఆటలా మారడమే మంచిదైంది. కొన్నాళ్లకు వాళ్లే విసిగి మానుకున్నారు, ఆమె లేవడం లేదని.

చెవి గురించి కూడా ఒక మాట. ఆ రాష్ట్ర మీట్‌లో ఆమెది ఏడో లేన్. స్టార్టర్ ఒకటో లేన్ వైపు నిలబడితే లేన్ వెడల్పు 1.22 మీటర్ల లెక్కన ఆమె ఒకటో లేన్ అమ్మాయి కన్నా 7 మీటర్లకు పైగా దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే 0.02 సెకను ఆలస్యం. పెద్ద మీట్లలో ప్రతి బ్లాకు వెనక స్పీకర్ పెట్టేది ఇందుకే. 0.02 ఏపాటిది అంటారా? 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ మహిళల 100 మీటర్లలో బహ్రెయిన్ రన్నర్ ఎడిడియోంగ్ ఒడియోంగ్ 11.30, మన ద్యుతీ చంద్ 11.32. బంగారానికీ రజతానికీ తేడా అంతే. దీన్ని మేం మార్చలేం కాబట్టి క్లాపర్‌ను రోజుకో దిక్కు నుంచి కొట్టించాను.

ఆల్ఫ్రెడ్ వీడియో

భయం చివరి లింకు అన్నాను, కానీ ఉన్నది ఉన్నట్టే. దానికి మందు ఉపన్యాసం కాదని నా అనుభవం. పిల్లలకు తమలాంటి మనిషి కనబడాలి.

జూలియన్ ఆల్ఫ్రెడ్‌ది సెయింట్ లూసియా అనే చిన్న కరీబియన్ దీవి. చిన్నప్పుడు బూట్లు లేకుండా, స్కూల్ యూనిఫాంలోనే పరిగెత్తేదాన్నని తనే చెప్పింది. 2022 యూజీన్‌లో మహిళల 100 మీటర్ల సెమీఫైనల్లో ఫాల్స్ స్టార్ట్ అయి బయటికొచ్చింది. రెండేళ్లకు, 2024 ఆగస్టు 3న, పారిస్‌లో తడిసిన ట్రాక్ మీద 10.72తో ఒలింపిక్ బంగారం గెలిచింది. రెండో స్థానంలో అమెరికా రన్నర్ షకారీ రిచర్డ్‌సన్ 10.87, మూడో స్థానంలో మెలిస్సా జెఫర్సన్ 10.92. ఆ దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం.

వీడియో చూసి మా అమ్మాయి అడిగింది ఒక్కటే: "ఆవిడా ఔటైపోయిందేటి?"

అయితే ఆల్ఫ్రెడ్ కథ ఒక్కటే చూపిస్తే పిల్లలు మళ్లీ స్టార్టే సర్వస్వం అనుకుంటారు. అందుకని 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా చూపించాను. రిచర్డ్‌సన్ సెమీఫైనల్లో స్టార్ట్ చెడగొట్టుకుని 10.84తో మూడోది అయింది, నేరుగా అర్హత రాక టైము మీద ఫైనల్‌కు చేరింది. చివరి లేన్, తొమ్మిదోది దొరికింది. అక్కడి నుంచి 10.65తో గెలిచింది. మహిళల 100 మీటర్లలో మంచి రన్నర్లు గరిష్ఠ వేగం అందుకునేది 50, 60 మీటర్ల మధ్య. స్టార్ట్‌లో 0.05 పోతే ఆ వేగం దగ్గర అర మీటరు పోయినట్టు, అంతే. అర మీటరు తిరిగి తెచ్చుకోవచ్చు. ఎరుపు, నలుపు కార్డు పడ్డాక తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఆమెకు నేను పెట్టిన లక్ష్యం అందరికన్నా ముందు లేవడం కాదు. 45 ఫ్రేముల దగ్గర నిలకడగా ఉండు, మిగతాది కాళ్లు చూసుకుంటాయి అన్నాను. ఆ అంకెకు పుస్తకంలో ఆధారం లేదు, ఆమె ప్రాక్టీసు వీడియోలు చూసి నేను వేసుకున్న అంచనా.

తరువాత

పరీక్ష విజయనగరంలో ఒక ఓపెన్ మీట్ రూపంలో వచ్చింది. హీట్స్‌లో ఆమె పక్క లేన్ అమ్మాయి ముందే లేచింది. నేను స్టాండ్ దగ్గర ఫోను పట్టుకుని ఉన్నాను. వీడియోలో చూస్తే మా అమ్మాయి తల ఒక్కసారి అటు తిరిగి మళ్లీ కిందికి దిగింది. చేతులు నేల మీదే ఉన్నాయి. రెండోసారి స్టార్టర్ కావాలనే అన్నట్టు చాలాసేపు ఆపాడు. ఆమె ఆగింది, చప్పుడుకే వెళ్లింది. ఫైనల్లో నాలుగో స్థానం. పతకం లేదు, టైము పాత రోజులకు దగ్గరికి వచ్చింది.

తల్లి ఫోన్ చేసి ఎన్నో స్థానమని అడగలేదు. "కార్డు ఏసీనారా బాబూ?" అంది. లేదన్నాను. "అయితే సరే" అని పెట్టేసింది.

మిగిలిన పని చాలా ఉంది. 30 మీటర్ల దాకా ఎవరితోనైనా పోటీగా వెళ్తోంది, అక్కడ నిటారుగా లేచిపోతోంది. ఇన్నాళ్లు చాచుకున్న బ్లాకులో పడుతూ లేచిన అలవాటు అది, మొదటి పది అడుగుల్లో ఒంటి వాలు ఇంకా కుదరలేదు. 200 మీటర్లకు వంపులో బ్లాకు పెట్టడం మరో పాఠం, లేన్ బయటి గీత దగ్గర అమర్చుకుని వంపు లోపలి వైపు గురి పెట్టాలి. సింథటిక్ ట్రాక్ మీద ఇంకా గట్టిగా పరిగెత్తలేదు. మట్టిలో మేకులు కదులుతాయి కాబట్టి పూర్తి బలంతో నొక్కడానికి ఒళ్లు జంకుతుంది, రేపు గట్టి నేల మీద అదే బ్లాకు మరోలా ఉంటుంది. ఆ రోజుకు ముల్లు మిషన్లు మళ్లీ బయటికి తీస్తాను.

ఇది చదివే పీఈటీలు ఎవరైనా చేయాలనుకుంటే మిషన్ల కన్నా ముందు ఒక పని చేయండి. మీ మైదానంలో బ్లాకుల కోసం పాతిన పాత మేకు గుర్తులు ఉంటాయి. వాటిని పూడ్చేసి, ప్రతి పిల్ల చేత తన పాదంతోనే కొలిపించండి.